ఆకు పదును

చెయ్యి పెట్టకు, విరిగిపోతుంది అన్నాడు నాన్న.
ఏప్రిల్ మధ్యాహ్నం.
గుంజల మీద నిలబెట్టిన మా ఇంటి అడుగున
నలభై కర్రల పొగాకు
తలకిందులుగా వేలాడుతోంది, గబ్బిలాల్లాగా.
తాకితే చాలు, అప్పడం.

తెల్లవారుజామున రా.
కాగయాన్ ఏటి మీంచి తేమ ఎక్కి వచ్చేదాకా ఆగు.
అప్పుడు ఆకు పదునుకొస్తుంది,
మడిచినా మాట అనదు.

ఇదంతా నాకు తెలుసు.
నవంబరులో, వరద వదిలిన ఒండ్రులో
గింజల్ని బూడిదలో కలిపి చల్లింది నేను.
ఒక్క తుమ్ముకి ఎకరం పోతుందని
నాన్న మూతికి తువ్వాలు కట్టిందీ నేనే.
పువ్వు విచ్చకముందే తలలు తుంచాను,
పిలకలు గిల్లాను.
చేతుల జిగురు సబ్బుకి లొంగలేదు,
కలమన్సీ నిమ్మకి లొంగింది.
ఆకు కింద పురుగుల్ని ఏరి కోళ్లకి వేస్తే
కోళ్లు కూడా ఒకటి తిని ఆలోచించాయి.

అయినా చెబుతూనే ఉంటాడు.
రెండేళ్ల కిందటి జ్వరం ఆయన ముక్కు పట్టుకుపోయింది.
జ్వరం తగ్గింది, వాసన తిరిగి రాలేదు.
ఎండుచేప మాడినా తెలీదు,
గ్యాసు వదిలేసినా తెలీదు.
మనిషి మాత్రం నిక్షేపంగా ఉన్నాడు,
తాళంచెవి పోయిన పెట్టెలాగా.

జూన్‌లో మండె వేశాం.
అరటి పట్టలు పరిచి, కట్టలు పేర్చి,
పైన గోనెలు, ఆ పైన ఏటి రాళ్లు.
మూడో రోజుకి లోపల వేడి పుట్టింది.
చెయ్యి దూర్చి చూస్తే
పిల్లాడు ఇప్పుడే లేచిపోయిన పక్కలా ఉంది.

ఒకప్పుడు ఆనీసెతో అంటే ముక్కు.
తుమావినీ మండెలన్నీ ఆయన కోసం ఆగేవి.
వంగేవాడు, ఒక్క పీల్పు, తీర్పు.
తిరగెయ్యండి. ఇంకో వారం. ఇది పందులకి కూడా పనికిరాదు.
ఇప్పుడూ వంగుతాడు, పీలుస్తాడు,
నా వైపు చూస్తాడు.

"ఏముంది, నీవెస్?"

నాకు పొగ పడదు.
అమ్మది అడ్డపొగ.
నిప్పు కొస నోట్లో పెట్టుకునేది,
ఏట్లో బట్టలుతుకుతున్నా ఆరేది కాదు.
ఆమె ముద్దు పెడితే మొహం తుడుచుకునేదాన్ని.
చూసేది. ఏమనేది కాదు.

"గుర్రపుశాల," అన్నాను, "కళ్లు మండుతున్నాయి."
"మంచిది. తిరగెయ్యి."
పది రోజులకి: "తడిసిన కుక్క. బాగా ముసలిది."
నాన్న నవ్వాడు. తిరగేశాం.
జులైలో: "వాన పడ్డ గడ్డివాము.
దాని కింద బెల్లంలాంటిదేదో, దొరకడం లేదు."
"వెంటపడకు. దానంతటది వస్తుంది."

ఆగస్టులో తుఫాను. వంతెన మునిగింది.
మండెని వంటింట్లోకి మోసుకొచ్చి
చుట్టూ పడుకున్నాం, అదేదో బాలింత అయినట్టు.
ఆ రాత్రి చీకట్లో గోనె ఎత్తి ముక్కు పెట్టాను.
మాట దొరకలేదు.
చాలాసేపు దొరకలేదు.

"చెప్పు," అన్నాడు నిద్రలోంచి.

"అమ్మ దుప్పటి."

రేకుల మీద వాన.
కాసేపటికి, "అయితే అయిపోయింది" అన్నాడు.
మండె గురించే అనుకుంటా.

సెప్టెంబరులో ఈనెలు తీసి చుట్టాను.
తొడమీద కాదు, అది చూడ్డానికొచ్చేవాళ్లకి చెప్పే కథ,
పీట మీద.
మొదటిది బాన కడుపుతో వచ్చింది.
రెండోది ఊపిరాడనంత బిగువు.
ఏడోది నాన్న చేతిలో పెట్టాను.

వెలిగించాడు.
ఆయనకి వేడి ఒక్కటే తెలుస్తుందట,
నాలుక కొసన కారంలాంటిది.
పొగ నా మొహం మీదికి వదిలి ఆగాడు,
పరీక్ష రాసిచ్చిన కుర్రాడిలా.

తుడుచుకోలేదు.
"మిరియం," అన్నాను. "తడి చెక్క. చివర్న కొంచెం పలచన.
వచ్చే ఏడు తల ఇంకో రెండాకుల కిందికి తుంచాలి."

"మీ అమ్మా అదే అనేది," అన్నాడు
బూడిద రాలకుండా చుట్టని పైకెత్తి పట్టుకుని,
"నేను వినలేదు."